మనకే తెలియని పాస్‌వర్డ్‌లు

1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కంప్యూటర్ అంటే గదంతా ఆక్రమించే ఐబీఎం యంత్రం. దాన్ని పదిమందీ ఒకేసారి వాడుకునేలా ఫెర్నాండో కోర్బాటో బృందం సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను తయారుచేసింది. ఎవరి ఫైళ్లు వాళ్లకే కనపడాలి, ఎవరికిచ్చిన సమయం వాళ్లే వాడుకోవాలి. అందుకని మనిషికొక పాస్‌వర్డ్ ఇచ్చారు. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి దొరికిన నాలుగు గంటలూ ఏ మూలకూ చాలలేదు. ఏ ఫైలు కావాలో పంచ్‌కార్డు మీద కొట్టి ఇస్తే అచ్చువేసి పెట్టే ఏర్పాటు అక్కడ ఉండేది. ఒక శుక్రవారం రాత్రి పొద్దుపోయాక అతను పాస్‌వర్డ్‌ల ఫైలు పేరే కొట్టి ఇచ్చాడు. తెల్లారేసరికి అందరి పాస్‌వర్డ్‌లూ కాగితం మీద సిద్ధం.

నాలుగేళ్లకు అదే వ్యవస్థలో ఇంకో వింత జరిగింది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో చెరో ఫైలూ దిద్దుతుంటే రెండూ తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివాడికీ ఆ రోజు ప్రకటనకు బదులు పాస్‌వర్డ్‌ల జాబితా ప్రత్యక్షమైంది.

రహస్యాన్ని ఉన్నదున్నట్టు రాసిపెట్టకూడదని దీంతో తేలింది. బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ కోసం పాస్‌వర్డ్‌ను గణితంతో గుర్తుపట్టలేనంతగా మార్చి దాచే పద్ధతి తెచ్చారు. 1979లో వాళ్లు రాసిన వ్యాసంలో నాకు ముఖ్యంగా తోచేది ఒక లెక్క. పరిశీలించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 2,831 మరీ పొట్టివో, నిఘంటువులో దొరికేవో. అంటే నూటికి 86. యంత్రం ఎంత గట్టిగా దాచినా, మనిషి పెట్టుకున్నది ఇట్టే ఊహించగలిగేదైతే లాభమేముంది?

ముప్పై ఏళ్ల తర్వాతా అదే తంతు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు, ఏ రక్షణా లేకుండా దాచినవి, బయటికి పొక్కాయి. అందులో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఇలాంటి దొంగతనాల్లో అసలు ప్రమాదం ఆ ఒక్క సైటుతో ఆగదు. అదే పాస్‌వర్డ్‌ను మెయిలుకూ, బ్యాంకుకూ కూడా పెట్టుకుంటాం కాబట్టి దొంగ ఆ జాబితా పట్టుకుని ఒక్కో తలుపూ తడుతూ పోతాడు.

పోనీ, ఖాతాకొకటి పెట్టుకుందామంటే గుర్తుండొద్దూ! సాక్షాత్తూ కోర్బాటోయే 2014లో, తను దాదాపు 150 పాస్‌వర్డ్‌లను కాగితాల మీద రాసుకునేవాణ్ణని చెప్పారు. ఇంట్లో డైరీ వెనక పేజీలో రాసుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఎక్కడో దేశం కాని దేశంలో కూర్చున్న దొంగకు ఆ డైరీ అందదు. కాకపోతే ఆ డైరీ కొత్త పాస్‌వర్డ్ తయారుచేయలేదు, దొంగ సైటును పసిగట్టలేదు.

సంకేతలిపి నిపుణుడు బ్రూస్ ష్నయర్ 1997లో విండోస్ 95 కోసం పాస్‌వర్డ్ సేఫ్ అనే చిన్న ప్రోగ్రాం రాయించి ఉచితంగా ఇచ్చారు. పాస్‌వర్డ్‌లన్నీ భద్రంగా దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ల తొలి తరం అది. 2003లో కీపాస్, 2006లో వన్‌పాస్‌వర్డ్, 2016లో బిట్‌వార్డెన్ వచ్చాయి. లోపల జరిగేది మాత్రం దాదాపు ఒకటే.

మనం ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్ మాత్రమే గుర్తుపెట్టుకుంటాం. దాన్ని ప్రోగ్రాం నేరుగా తాళంచెవిగా వాడదు. ఒకే లెక్కలో దాన్ని లక్షలసార్లు తిప్పి తీస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఒక పద్ధతికి నిపుణులు సిఫారసు చేసే సంఖ్య 6 లక్షలు. మనకది రెప్పపాటు. కోట్ల ఊహలు వరసగా ప్రయత్నించే దొంగకు మాత్రం ప్రతి ఊహకూ 6 లక్షల లెక్కలు. అలా వచ్చిన తాళంచెవితో మిగతా పాస్‌వర్డ్‌లన్నీ మన ఫోనులోనే ముద్దచేస్తుంది; సర్వరు వాడే మేనేజరైతే ఆ ముద్దనే కంపెనీకి పంపుతుంది. బాగా కట్టిన మేనేజరును కంపెనీవాళ్లు కూడా తెరవలేరు.

దీనికంటే గొప్పదని నేననుకునే గుణం ఇంకొకటి ఉంది. బ్యాంకు పేరుతో ఎస్సెమ్మెస్ వస్తుంది, లింకు నొక్కితే అచ్చం అదే పేజీ. చిరునామాలో మాత్రం ఎల్ అక్షరం ఉండాల్సినచోట ఒకటి అంకె. కంటికి ఆ తేడా ఆనదు. మేనేజరు పాస్‌వర్డ్‌ను అసలు చిరునామాకే కట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ ఏమీ నింపకుండా ఊరుకుంటుంది. అప్పుడు విసుక్కుని చేత్తో కాపీచేసి అతికించారో, ఉన్న కాపలా పోయినట్టే. ఎప్పుడూ నిండే గడి ఇవాళ ఎందుకు నిండలేదని ఒక్క క్షణం ఆగండి.

గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టడం కాదా అన్న శంక న్యాయమైనదే. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజరు కంపెనీలో దొంగలు పడి ఖాతాదారుల పాస్‌వర్డ్‌లు దాచిన పెట్టెల ప్రతుల్ని ఎత్తుకుపోయారు. పాస్‌వర్డ్‌లు తాళంలోనే ఉన్నా, సైట్ల చిరునామాలకు ఏ తాళమూ లేదు. పైగా కొన్ని పాత ఖాతాలకు లక్షల్లో ఉండాల్సిన లెక్కలు 5,000 దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా ఉన్నవాళ్లకు అది నిజమైన ముప్పు. బలమైనది పెట్టుకున్నవాళ్ల పెట్టె దొంగ చేతిలో ఉన్నా తెరుచుకునే వీల్లేదు. కాబట్టి శ్రమంతా ఆ ఒక్కదాని మీదే పెట్టాలి.

1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ చూపిన దారి నాకు నచ్చుతుంది. 7,776 మాటల పట్టీ, ఒక పాచిక. ఐదుసార్లు వేస్తే ఒక మాట వస్తుంది. ఐదు మాటలు తీస్తే సాధ్యమయ్యే వరసలు సుమారు 28 పక్కన 18 సున్నాలు. తెలుగు మాటల పట్టీతోనూ ఇది కుదురుతుంది. తిరగలి, బాతు, సున్నం, పంచాంగం, ఈల అని వస్తే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టుకోవచ్చు (అచ్చయిన ఈ ఐదింటినీ మాత్రం వాడకండి). ఎంపిక పాచికదే కావాలి. మనకే వదిలేస్తే పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, అభిమాన హీరో వచ్చి కూర్చుంటారు.

ఆ మాటల్ని కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులున్న బీరువాలో పెట్టి, ఎక్కడుందో నమ్మకమైన మనిషొకరికి చెప్పండి. ఇంటిపెద్ద హఠాత్తుగా ఆసుపత్రి పాలైతే బీమా పత్రాలు, కరెంటు బిల్లు, బ్యాంకు వివరాలు అన్నీ ఆ మేనేజరు పెట్టెలోనే ఉండిపోతాయి. చాలా కంపెనీలు మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి ఇవ్వలేవు, వాళ్ల దగ్గర అది ఉండదు.