అటక మీది తూటాల పెట్టెకి ధర ఎంత?

ఉదయగిరి దుర్గం కింద పల్లెల్లోనూ, ఇటు ఆత్మకూరు చుట్టుపక్కల పాత మిద్దెల్లోనూ అటక దులిపితే ఏమేం బయటపడతాయో చెప్పలేం. గంగాళాలు, మరచెంబులు, వాటి మధ్య ఒక్కోచోట మామగారి కాలంనాటి చెక్కపెట్టె. అందులో చిన్న ఇత్తడి కొలపాత్ర, చెక్కపిడి ఉన్న కూరుడు కర్ర, బల్లకి బిగించి చేత్తో తిప్పే ఒక మర. మురుకుల గొట్టమేమో అనుకుంటారు కొత్త కోడళ్లు. కాదండీ! పేలిన తూటా గొట్టంలో మళ్లీ మందూ, సీసపు గుళ్లూ నింపి మూతి మూసే సామాను అది.

వెలిగొండల దాపున చేలున్నవాళ్లకి అడవిపందుల బెడద తెలిసిందే. వేట సరదా ఉన్న పెద్దలూ ఉండేవాళ్లు. లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లలో కొందరు తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి, 1991 సవరణతో ఇంకా బిగిశాక వేట మూలపడింది. పెట్టె అటకెక్కింది.

ఇప్పుడు ఆ ఇంటాయన పోయారనుకోండి. నెల తిరక్కముందే పాత సామాన్లవాడు గుమ్మంలో నిలబడతాడు. "ఇత్తడి కిలో లెక్కన తీసుకుంటానమ్మా, ఇనుము కూడా పడెయ్." "ఇంట్లో అడ్డంగా ఉంది, పట్టుకుపో నాయనా" అనేస్తాం. అక్కడే ఆగాలి.

తుపాకీ ఒక్కటే కాదు

1959 ఆయుధాల చట్టంలో తూటాలూ మందుగుండూ అంటే ఏమిటో చెప్పేచోట, వాటిని తయారుచేసే యంత్రసామగ్రిని కూడా అందులోనే కలిపారు. కాబట్టి ఆ మరని పాత ఇనుము అనుకోకుండా, తూటాతో సమానంగా చూసుకోవడమే క్షేమం. లైసెన్సు లేకుండా తుపాకీగానీ తూటాలుగానీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్లకి తక్కువ కాదు, ఐదేళ్లదాకా పడొచ్చు. లైసెన్సు లేకుండా అమ్మితే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఇనప సామాను బండి మీద వచ్చే నాలుగు నోట్లకి ఇంత ముప్పు ఎందుకు?

లైసెన్సు ఆయన పేరున ఉంది, ఆయన లేరు. ఆలస్యం చెయ్యకుండా తుపాకీ, తూటాలు, ఈ పెట్టె అన్నీ దగ్గరి పోలీస్ స్టేషన్లోగానీ, లైసెన్సున్న తుపాకీల వ్యాపారి దగ్గరగానీ జమ చెయ్యాలి. జమ చేసినంత మాత్రాన పోయినట్టు కాదు. గడువులోగా అర్హత ఉన్నవాళ్లకి అమ్మించి ఆ డబ్బు తీసుకునే హక్కు చట్టం వారసులకే ఇచ్చింది. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఎందుకంటే "ఆడవాళ్లు స్టేషన్ చుట్టూ ఏం తిరుగుతారొదినా, నాకిచ్చెయ్" అనే మరుదులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. లైసెన్సు లేని మరిది చేతికిచ్చినా తప్పే. ఏమేం ఇచ్చారో వరసగా రాసి, రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ఉంచుకోవాలనిపిస్తే వారసులుగా లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 ఆయుధాల నియమాల్లో అందుకు వీలుంది. జిల్లాలో లైసెన్సు ఇచ్చేది కలెక్టరు.

మరి ధర?

అమెరికాలో సొంతానికి తూటాలు నింపుకోవడానికి అక్కడి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. అందుకే అక్కడ ఈ సామాను సెకండ్‌హ్యాండ్‌లో బాగా చేతులు మారుతుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడు ఇంటర్నెట్‌లో చూసి "అక్కా, ఇన్ని డాలర్లు పలుకుతోంది" అంటే ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఇక్కడ తుపాకీ లైసెన్సున్నా తూటాల తయారీకి వేరే లైసెన్సు ఉండాలి. కొనేవాళ్లు బహు కొద్దిమంది. కొనేవాడు లేనిచోట ధర ఎక్కణ్ణించి వస్తుంది? పార్సిల్ కట్టి పంపుదామన్నా ఎగుమతికి మళ్లీ లైసెన్సు.

అయినా వ్యాపారి ఊరికే ఇమ్మంటే ఇవ్వకండి. తుపాకీకి ఓ ధర చెప్పి పెట్టెని కొసరులో కలిపేస్తారు. విడిగా చెప్పమనండి. 12 బోరుదైతే అడిగేవాళ్లు కాస్త ఎక్కువ. సెట్టు పూర్తిగా ఉందా, పేలిన టోపీని ఊడగొట్టే చిన్న సూది ఉందా, మర పళ్లు అరిగాయా, తుప్పు ఎంత అన్నది చూస్తారు. పాత కాగితపు తూటాల మూతి చుట్టే మరలు ఇప్పటి ప్లాస్టిక్ తూటాల మూతిని మడతలుగా ముయ్యలేవు. కనక పనిముట్టుగా వాటి విలువ తక్కువే. కానీ షెఫీల్డులోని జేమ్స్ డిక్సన్, హాక్స్‌లీ లాంటి కంపెనీల పేరు చెక్కి ఉంటే పాత వస్తువులు సేకరించేవాళ్లు ముచ్చటపడతారు. అందుకే చింతపండు పెట్టి తళతళలాడేలా తోమకండి! పేరు అరిగితే ధరా అరుగుతుంది.

పెట్టెలో మిగిలిన మందుకీ, టోపీలకీ మాత్రం ధర సున్నా. ఎండలో పెట్టడం, పొయ్యిలో వెయ్యడం, తూములో పొయ్యడం ఏదీ వద్దు. టోపీకి గట్టిగా దెబ్బ తగిలితే చాలు, పేలుతుంది. పిల్లల్ని దూరంగా ఉంచి, పెట్టెని కదపకుండా ముందు స్టేషన్లో చెప్పండి.

ఎవరైనా లైసెన్సుదారు నేరుగా కొంటానంటే ఆయన పేరు, చిరునామా కలెక్టరుకోగానీ స్టేషన్‌కోగానీ కాగితం మీద రాసివ్వాలి. ఆ తర్వాత 45 రోజులు గడిస్తేగానీ సరుకు చేతులు మారకూడదు. అడ్వాన్సు ఇచ్చాను కదా అని తొందరపెడితే ఆ బేరం మానుకోండి.

అన్నట్టు, అదే గదిలో గోడకి దుప్పి కొమ్ములుంటే వాటిని ఈ లెక్కలో కలపకండి. అవి అటవీశాఖ వాళ్లని అడగాల్సిన సంగతి.