గవ్వలు ఏరే వేళ పాదాలు భద్రం

చలి తగ్గి, ఎండలు ఇంకా ముదరని ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రపు ఒడ్డున నడవడం హాయిగా ఉంటుంది. భీమిలిలో గాని, బాపట్ల దగ్గరి సూర్యలంకలో గాని నీరు వెనక్కు తగ్గిన వేళ చూడండి. అల వదిలి వెళ్లిన గీత వెంబడి గవ్వలు, ఆల్చిప్పలు, చిన్న చిన్న శంఖులు కనబడతాయి. అదృష్టం బాగుంటే అరిగిన గాజు పెంకులు కూడా దొరుకుతాయి. అవి ఎప్పుడో పగిలిన సీసాల ముక్కలే. ఏళ్ల తరబడి ఇసుకలో దొర్లి, అంచులు నునుపెక్కి, పటికబెల్లం పలుకుల్లా మసకబారతాయి. ఈ మధ్య పగిలిన ముక్క మాత్రం తళతళ మెరుస్తూ, అంచు పదునుగా ఉంటుంది. మెరిసేదాన్ని ముట్టుకోవద్దని, మసకగా ఉన్నదాన్నే తీసుకోమని పిల్లలకు చెప్పండి.

నాకు పిల్లలకన్నా వారితో వెళ్లే తాతయ్యలు, అమ్మమ్మల గురించే ఎక్కువ బెంగ. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. విరిగిన ఆల్చిప్ప అరికాల్లో దిగినా నొప్పి తెలియదు. రెండు మూడు రోజుల తరువాత చెప్పుకు అంటిన చీము చూసి డ్రెస్సింగ్ గదికి వస్తారు. అప్పటికి పుండు లోపలికి పాకి ఉంటుంది. అలాంటి పుండు ముదిరి వేలు, ఒక్కోసారి పాదమే తీసేయవలసి వస్తుంది. ఇసుకలో ఒట్టి కాళ్లతో నడిస్తే ఆరోగ్యమని ఎవరు చెప్పినా, షుగర్ ఉన్నవారి విషయంలో నేను ఒప్పుకోను. వేళ్లు కప్పి, వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాళ్లు అద్దంలో చూసుకోండి. చూపు ఆనకపోతే మనవణ్ణి చూడమనండి.

గాయమైతే ధారగా పడే నీటి కింద సబ్బుతో కడగండి. కాఫీ పొడి, సున్నం పెట్టవద్దు. లోపల ముక్క ఉంటే ఇంట్లో సూదితో కెలకవద్దు. టెటనస్ ఇంజక్షన్ (ఇప్పుడు టిటి బదులు టిడి ఇస్తున్నారు) అవసరమో కాదో మేము చూసి చెబుతాం. ఉప్పునీటిలోని కొన్ని సూక్ష్మక్రిములు షుగర్, కాలేయ జబ్బు ఉన్నవారిలో త్వరగా పాకుతాయి. ఎరుపు, వాపు పెరిగినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి.

ఇంకొక మాట. లోపల ప్రాణి ఉన్న గుల్లను చేత్తో పట్టుకోవద్దు, జేబులో వేసుకోవద్దు. గరాటు ఆకారంలో, అందమైన చారలు, మచ్చలతో ఉండే ఒక జాతి నత్తలు సూది వంటి పంటితో విషం ఎక్కిస్తాయి. వాటిలో కొన్నింటి విషం మనిషి ఊపిరి ఆపగలదు. దానికి విరుగుడు మందు లేదు. కుడితే కోయడం, పీల్చడం చేయక, ఆ చేయి కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

తెచ్చిన ఖాళీ గవ్వలను మంచినీళ్లలో నానబెట్టి, కడిగి ఎండబెట్టండి. రెండు మూడేళ్ల పిల్లలున్న ఇంట్లో వాటిని పై అరలోనే ఉంచండి. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డుపడతాయి.