చెక్క నేల వేయిస్తున్నారా? ముందు కింద గచ్చు చూసుకోండి

మన సీమ ఇళ్ళల్లో చెక్కకు చోటు నెత్తి మీదే. పాత మిద్దెల్లో దూలాలు, దంతెలు చెక్కవి, వాటి పైన మట్టి. కాళ్ళ కింద మాత్రం బండలే. తాడిపత్రి బండలు మన జిల్లావే. పక్క జిల్లాల నుంచి బేతంచెర్ల, కడప రాళ్ళు ఉండనే ఉన్నాయి. ఇప్పుడు పడగ్గదికైనా చెక్క నేల వేయించుకోవాలని చాలామందికి సరదా. సరదా తప్పు కాదు. కానీ పలకల రంగు ఎంచుకునే ముందు చూడవలసింది కింద ఉన్న కాంక్రీటు గచ్చు.

బండ ఓర్చుకుంటుంది, చెక్క ఓర్చుకోదు

బండను సిమెంటు మాలులో పరుస్తారు. గచ్చు ఒకచోట పల్లంగా ఉంటే బేల్దారి అక్కడ కాస్త మాలు ఎక్కువ వేసి మట్టం చేసేస్తాడు. చెక్క పలకల కింద మాలు ఉండదు, పల్చటి ఫోమ్ షీటు మాత్రమే. గచ్చు ఎత్తుపల్లాలన్నీ పలకలకు తగులుతాయి. పల్లం మీద పలక అడుగు వేసినప్పుడల్లా కిందికి దిగి కిర్రుమంటుంది. కొన్నాళ్ళకు అతుకులు విడిపోతాయి, అంచులు లేస్తాయి. ఆ అంచు ఇంట్లో పెద్దవాళ్ళ కాలికి తగిలిందంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నల్లరేగడి నేలల్లో కట్టిన ఇళ్ళకు ఈ బెడద ఎక్కువ. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన చోట పైనున్న గచ్చూ దానితోపాటు కదిలి పగులుతుంది.

పరీక్ష మీరే చేయండి

ఎక్కడ పల్లం ఉందో రోజూ ఇల్లు తుడిచే మీకే బాగా తెలుసు. నీళ్ళు నిలిచే చోటు, తడి ఆలస్యంగా ఆరే చోటు గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఆరున్నర అడుగుల తిన్నని అల్యూమినియం పట్టీని గచ్చు మీద నిలువునా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూడండి. పట్టీ కింద సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే సుమారుగా రెండు రూపాయి బిళ్ళలు పేర్చినంత. ఎక్కడ దాటితే అక్కడ సుద్దతో గీత గీయండి.

ఎత్తుగా ఉన్నచోట మిషనుతో అరగదీయించాలి. దుమ్ము విపరీతంగా లేస్తుంది, పిల్లల్ని, ఆయాసం ఉన్నవాళ్ళను ఆ పూట ఇంట్లో ఉంచకండి. పల్లాలను సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండుతో నింపించాలి. జారుగా కలిపి పోస్తే తనంతట తానే సర్దుకుని మట్టం అవుతుంది. పోసే ముందు గచ్చు మీద దుమ్ము, నూనె మరకలు లేకుండా శుభ్రం చేయించి, ప్రైమర్ పూయించాలి. లేకపోతే పొరలు పొరలుగా ఊడివస్తుంది. పగుళ్ళు ఏటేటా పెద్దవవుతుంటే మాత్రం పైపూత చాలదు, ముందు ఇంజినీరుకు చూపించండి.

తేమ సంగతి

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. ఇంత ఎండు ఊళ్ళో తేమేమిటి అనుకోకండి. కొత్త గచ్చు 28 రోజుల్లో గట్టిపడినా లోపలి తడి పోవడానికి నెలలు పట్టవచ్చు. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజంతా ఉంచండి. తీసి చూస్తే అడుగున చెమ్మ పట్టినా, గచ్చు రంగు నల్లబడినా ఇంకా ఆగవలసిందే.

పలకలను కూడా తెచ్చిన రోజే పరచనివ్వకండి. రెండు రోజులు అదే గదిలో ఉంచితే గది వేడికి, గాలికి అలవాటు పడతాయి. ఎండాకాలం కుంచించుకుని, వానల్లో ఉబ్బడం చెక్క గుణం. అందుకే గోడ పొడవునా 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. పైన స్కర్టింగ్ వస్తుంది కాబట్టి కనిపించదు. చెదల మందు సంగతి కూడా ముందే మాట్లాడుకోండి.

మీ ఇంటికి సరిపోతుందా?

పండగ వస్తే బకెట్లతో నీళ్ళు పోసి ఇల్లు కడగడం మనకు అలవాటు. చెక్క నేలకు అది పనికిరాదు, గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలంతే. వంటింటికి, స్నానాల గది ముందుకు చెక్క వద్దు. గచ్చు బాగా ఎగుడుదిగుడుగా ఉండి, సరిచేయించే ఖర్చు పలకల ఖర్చుకు దగ్గరగా వస్తుంటే తాడిపత్రి బండే మేలు. వేశాక చేత్తో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే కింద మాలు సరిగా పడలేదని అర్థం.

"ఏం కాదులేమ్మా, పైన చెక్క పడితే కనపడదు" అనే మేస్త్రీలు ఉంటారు. కనపడదు, నిజమే. రేపు ఆ నేల మీద నడిచేది, దాన్ని తుడిచేది మీరు. సుద్ద గీతలన్నీ సరిచేసి, పట్టీ పెట్టి చూపించాకే మొదటి పలక వేయమనండి.