వాడ లెక్క వాడే రాసుకోవాలి: కోవిడ్ తర్వాత మన అవసరాలు

1918 ఇన్‌ఫ్లుయెంజాలో బొంబాయి నగరంలో ఎవరెంతమంది చనిపోయారో అప్పటి అధికారులు కులాలవారీగా, మతాలవారీగా లెక్కగట్టారు. 'తక్కువ కులాల హిందువులు' అని రాసిన వరసలో వెయ్యికి 61.6 మంది పోయారు. మిగతా హిందువుల్లో 18.9. యూరోపియన్లలో 8.3. రోగానికి కులం లేదనే మాట ఎంత అబద్ధమో ఈ మూడు అంకెలే చెప్తాయి. తెల్ల దొరలు ఆ వరస పెట్టింది మన మీద ప్రేమతో కాదు. అయినా అది ఉండబట్టే నూరేళ్ళ తర్వాత కూడా మాట్లాడగలుగుతున్నాం.

2020లో ఆ వరస లేదు. రోజువారీ కోవిడ్ బులెటిన్లలో కేసులున్నాయి, చావులున్నాయి, కులం లేదు. లాక్‌డౌన్‌లో ఊళ్ళకు తిరిగిపోతూ చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని 2020 సెప్టెంబరులో కేంద్ర కార్మిక శాఖ పార్లమెంటులోనే చెప్పింది. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడు జరగలేదు. లెక్క లేకపోతే నష్టం లేనట్టే, నష్టం లేకపోతే పరిహారం అడిగే దారీ లేనట్టే. కాబట్టి ఇల్లిల్లూ తిరిగి మనమే రాసుకోవాలి. ఏం రాయాలి, ఎట్లా రాయాలి?

మొదట బతుకుదెరువు. 'నెలకు ఆదాయమెంత?' అని అడిగితే కూలి మనిషి ఏం చెప్తాడు? అప్పు అడగాలి. 2020 మార్చికి ముందు ఎంత, ఇప్పుడెంత, ఎవరి దగ్గర, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ? పుస్తె కుదువలోనే ఉందా? గొడ్డునూ మేకనూ అమ్ముకున్నారా? కౌలు భూమి చెయ్యి జారిందా? కడుపు మాడకపోవడం వేరు, కోలుకోవడం వేరు. 2020 ఏప్రిల్ నుంచి 2022 డిసెంబరు దాకా మధ్యలో కొన్ని నెలలు తప్ప మనిషికి 5 కిలోల తిండిగింజలు అదనంగా ఇచ్చారు, నిజమే. అది కార్డులో పేరున్నవాళ్ళకే. పేరు లేని కొత్త కోడలికి, పసిబిడ్డకు ఏమొచ్చిందో విడిగా రాయాలి.

రెండోది సామాజికం. ప్రభుత్వమే 'సామాజిక దూరం' అన్నది. ఊరికి ఆ మాట కొత్త కాదు, వెలివాడకు అసలే కాదు. రోగం పేరుతో ఏ బావి, ఏ దారి, ఏ కొట్టు మూశారు? తర్వాత తెరిచారా? బడి మూసినప్పుడు కూలికి పోయిన పిల్లలు తిరిగి బడికొచ్చారా? ఎవరికి తొందరపడి పెళ్ళి చేశారు? ఆడపిల్లల సంగతి ఆడవాళ్ళే, ఆడవాళ్ళనే అడగాలి.

మూడోది ఆరోగ్యం. కోవిడ్ ఒక్కటే కాదు. ఆ నెలల్లో టీబీ మందులు ఆగినవాళ్ళు, బీపీ, షుగరు బిళ్ళలు మానేసినవాళ్ళు, కాన్పు ఇంట్లోనే అయినవాళ్ళు అందరూ ఇందులోకే వస్తారు. చావుల దగ్గర మరీ జాగ్రత్త. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాక ఒక్కో కోవిడ్ మరణానికి 50,000 రూపాయలు ఖాయమయ్యాయి. సర్టిఫికెట్‌లో కోవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని అదే ఏడు అక్టోబరులో కోర్టు మళ్ళీ చెప్పింది. కానీ పరీక్షే జరగకుండా ఆర్‌ఎంపీ సూదితో ఇంట్లోనే పోయిన మనిషికి ఏ కాగితం చూపిస్తాం? తేదీ, లక్షణాలు, ఎవరు చూశారు, మోసింది ఎవరు అన్నవి రాసుకుంటే కనీసం అడగడానికి ఆధారముంటుంది.

ఇక పద్ధతి. ఒక్కసారి రాస్తే అది ఫోటో మాత్రమే. అప్పు వడ్డీతో పెరిగి రెండో ఏడో మూడో ఏడో మెడకు చుట్టుకుంటుంది. అందుకే అవే ఇళ్ళకు, అవే ప్రశ్నలతో ఆరు నెలలకొకసారి పోవాలి. తేదీలు గుర్తులేకపోతే పంటలతో, పండగలతో జ్ఞాపకం చేయాలి. 'దళితులు' అని ఒకే గడిలో వేయొద్దు. మాల, మాదిగ, రెల్లి, డక్కలి ఎవరికి వారుగా రాయాలి. పట్నంలో చీపురు పట్టి రోజూ వీధిలో నిలబడ్డ రెల్లి మనిషి నష్టం, పొలం పని పోయిన కూలీ నష్టం ఒకటి కాదు.

చివరిగా ఒక మాట. పేర్లు, రోగాలు రాసిన పుస్తకం వాడ దాటకూడదు, బయటికి మొత్తాలే పోవాలి. ఆఫీసుకు ఇచ్చే ముందు వాడలో కూర్చుని అందరికీ చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్ళే దిద్దుతారు. మన మీద ఇన్నాళ్ళూ ఎవరెవరో రాసిన లెక్కల్లో లేనిది ఆ దిద్దుబాటే.