వాడిపోని పండ్లు

పండ్లబుట్టను ఎదుట నుంచుకొని చిత్రించువానికి కాలమే శత్రువు. ఉదయము ఒకవైపున నున్న నీడ సాయంకాలమునకు మఱియొకవైపునకు మరలును. నాలుగు దినములు గడచునప్పటికి మామిడిపండు తొడిమవద్ద నల్లబడును. వారమునకు బుట్టయే వాసనగొట్టును.

ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు పాల్ సెజాన్ (1839–1906) ఈ చిక్కును బాగుగ నెఱిగినవాడు. తన జన్మస్థలమైన ఏక్స్ పట్టణపు వెలుపల 1902లో పూర్తిచేయించుకొన్న పనిగదికి ఉత్తరపువైపున పెద్ద కిటికీ పెట్టించెను. ఆ దిక్కునుండి వచ్చు వెలుగు దినమంతయు అంతగా మారదు. పండు తాను కోరిన ప్రక్కకు ఒరుగుటకై దాని క్రింద నాణెములు పెట్టువాడట. మిక్కిలి నెమ్మదిగ పనిచేయువాడు గనుక, పూవులు వాడిపోవుచుండగా కాగితపు పూవులను ఆశ్రయించెను. ప్రకృతిని చూచి చిత్రింపబూనినవాడు కృత్రిమమును ఎదుట బెట్టుకొనుట వింతగ తోచవచ్చును. మన నిర్మల్ పనివానికి మాత్రము అది వింత కాదు.

ఒక ఆదివారము కరీంనగరమునుండి గోదావరి దాటి నిర్మల్‌కు పోయితిని. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిదైన ఈ పట్టణము 2016లో వేఱొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. నిమ్మనాయుడను పాలకుడు నకాషీ పనివారిని ఇచట చేరదీసెనని ఐతిహ్యము. 1955లో వారికి సహకార సంఘ మేర్పడినది. వారు చేయు మామిడి, అరటి, సీతాఫలము, వంకాయ మన ఇండ్ల అద్దాల బీరువాలలో ఎన్నో ఏండ్లుగా పచ్చగనే యున్నవి.

వారి పనిచోట బల్ల లేదు, అమర్చిన పండ్లు లేవు. నేలపై ఉలి, ఆకురాయి, రంగుగిన్నెలు, కుంచెలు మాత్రమే కలవు. పొనికి కర్ర మెత్తనిది, తేలికైనది. దానిని సన్నని సెగపై ఆరబెట్టి తేమ పోగొట్టుదురు. పిదప చెక్కుదురు. నానబెట్టి నూరిన చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపిన లప్పముతో అతుకులను, గుంటలను పూడ్తురు. అది ఆరిన పిమ్మట నునుపుచేసి సుద్దపూత పూయుదురు. అప్పటికి మామిడియు వంకాయయు ఒకే తెలుపు; ఆకారము తప్ప ప్రాణము లేదు. ఆపైన రంగు. పూర్వము మొక్కలనుండియు ఖనిజములనుండియు రంగులు తీసెడివారు. తరువాత డ్యూకో రంగులు వచ్చినవి.

మామిడికి పసుపు పూసి, తొడిమవైపున లేతాకుపచ్చను, బుగ్గపై కొంచెము ఎఱుపును దిద్దుట చూచితిని. రంగులు కలియుచోట గీత కనబడలేదు. ఎదుట పండు అక్కఱలేదు. ఇచటి మాటలో చెప్పవలెనన్న, చేతికి యాదున్నది.

ఈ యాదిలో బలమెంతయో ప్రమాదమును అంతయే. పండును మఱచి అలవాటును మాత్రమే చేయి జ్ఞాపకముంచుకొన్ననాడు వంద మామిడులును ఒకే అచ్చుగ నుండును. ఉత్తమమైన పనివాడు తొడిమగుంటలోని చిన్న నీడను విడువడు. బేరమాడు మనమో, ఆ నీడను చూడము. చెక్కబొమ్మకు ఇంత వెలయా యందుము. ఆ నీడకు తగిన కూలి దొరకనిచో తండ్రి పని కొడుకు చేపట్టడు. ఇప్పటికే ఈ విద్యను పట్టుకొనియున్నవి కొలది కుటుంబములే.

అంతకంటె పెద్ద దిగులు కర్రను గూర్చినది. సమీపపు అడవులలో పొనికి తరిగిపోయినది. సెజాన్ పండ్లు కుళ్లినను మఱుసటి ఏడు చెట్టు మరల కాచెను. నిర్మల్ పండు కుళ్లదు గాని, అది పుట్టిన చెట్టును నఱికియే తేవలెను. నాటనిచో మరల దొరకదు.

తాత నాటిన మామిడితోటలో మనుమడు పండ్లు తినుట మన యెఱుకలోనిదే. పొనికిని నాటువాడును అట్టి తాతయే కావలెను. అంతవఱకు, బీరువాలోని ఆ మామిడిపండును దుమ్ము తుడుచునప్పుడైనను ఒకసారి వెలుగులోనికి తిప్పి, తొడిమవద్ద నీడను చూడుడు.