పంచాయతీ కంప్యూటరులో దస్త్రముల అమరిక

మూడేండ్ల క్రిందట తన వీధి కాలువను గూర్చి జరిగిన తీర్మానపు నకలు కావలెనని ఒక గ్రామస్థుడు దరఖాస్తు పెట్టుకొనెననుకొందము. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలెను. తీర్మానము కంప్యూటరులోనే కలదు. కాని దాని పేరు తెలియదు, తావు తెలియదు. దానిని దాచిన ఉద్యోగి బదిలీపై వెళ్ళినాడు. ఉండియు దొరకని దస్త్రము లేనిదానితో సమానమే కదా!

1984లో రద్దయిన కరణీకమును ఎరిగిన పెద్దలకు దఫ్తరము క్రొత్త కాదు. కంప్యూటరులో ఫోల్డరనునది దఫ్తరములోని కట్ట వంటిది. ఫైలు ఆ కట్టలోని కాగితము వంటిది. పెద్ద కట్టలో చిన్న కట్టల నుంచినట్లే ఫోల్డరులో ఫోల్డర్ల నుంచవచ్చును.

మేము సూచించు పద్ధతి ఇది. మొదట పంచాయతీ పేరుతో ఒక ఫోల్డరు ఏర్పరుపవలెను. అందులో '2024-25', '2025-26' అని ఆర్థిక సంవత్సరమునకు ఒకటి చొప్పున ఉంచవలెను. ప్రతి సంవత్సరము క్రింద తీర్మానములు, ఇంటిపన్ను, పనులు, బిల్లులు, ఉత్తరములు అను ఐదు విభాగములు చాలును. విభాగములు మితిమీరినచో వెదకుట కష్టమగును.

ఇక పేర్లు. 'క్రొత్తది', 'ఫైనల్', 'ఫైనల్ 2' అను పేర్లు కొన్నాళ్ళకు వ్రాసినవారికే బోధపడవు. '2025-06-14 తీర్మానము 12 వీధి కాలువ' అని వ్రాసినచో తెరువకయే విషయము తెలియును. సంవత్సరము, నెల, తేదీ అను క్రమమున, నెలకును తేదీకిని రెండేసి అంకెలు వేసినచో, పేర్ల వరుసలో ఫైళ్ళు కాలక్రమముననే నిలుచును. విండోస్ కంప్యూటరులో ఫైలు పేరున '/' గీత చెల్లదు. '12/2025' అనుటకు మారుగా '12-2025' అని వ్రాయవలెను.

పొరపాటున తొలగించిన ఫైలు సాధారణముగా రీసైకిల్ బిన్‌లో నుండును. దానిని ఖాళీ చేయునంతవరకు తిరిగి తీసికొనవచ్చును. పెన్‌డ్రైవు నుండి తొలగించినవాటికి సాధారణముగా ఈ సౌకర్యము లేదు. నెలకొకమారు అన్నింటికిని నకలు తీసి, వేరొక డిస్కులో నుంచి, బీరువాలో తాళము వేయవలెను. అదే కంప్యూటరులో రెండవ నకలుంచుట రక్షణ కాదు. యంత్రము చెడినచో రెండును పోవును. సంతకములు గల తీర్మానముల పుస్తకమును ఎప్పటివలెనే భద్రపరుపవలెను.

సభ్యులు యంత్రమును స్వయముగా నడుపనక్కరలేదు. రానున్న సమావేశమున ఏదేని ఒక పాత తీర్మానమును చూపుమని కోరుడు. అయిదు నిమిషములలో దొరకినచో అమరిక సరిగా నున్నట్లే. దొరకనిచో ఆనాడే పని ప్రారంభింపుడు.