టెలివిజన్ పాటల పోటీలు: విజేతను ఎవరు నిర్ణయిస్తారు?

4.3.1 యూరోవిజన్ అనుభవం

దేశాల మధ్య జరిగే పాటల పోటీలలో ప్రసిద్ధమైనది యూరోవిజన్. ఇది 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 7 దేశాలతో మొదలైంది. న్యాయనిర్ణేతలు రహస్యంగా ఓటు వేశారు. స్వదేశానికీ వేసుకునే వీలుండేది. స్విట్జర్లాండే గెలిచింది. 1957 నుంచి స్వదేశానికి ఓటు వేయరాదన్న నియమం వచ్చింది. 1997లో 5 దేశాలు ప్రేక్షకుల టెలిఫోన్ ఓట్లను ప్రయోగాత్మకంగా స్వీకరించాయి. తరువాత ప్రేక్షకుల ఓటే ప్రధానమైంది. పొరుగు దేశాలు ఒకదానికొకటి ఓట్లు వేసుకుంటున్నాయన్న విమర్శల నేపథ్యంలో, 2009 ఫైనల్ నుంచి సగం విలువను మళ్లీ న్యాయనిర్ణేతలకు ఇచ్చారు.

4.3.2 మన అనుభవం

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో 1996లో ఈటీవీలో ప్రారంభమైన 'పాడుతా తీయగా' న్యాయనిర్ణేతల మార్కులపై నడిచింది. శ్రుతి, లయ, ఉచ్చారణలలోని లోపాలను వేదికపైనే సరిదిద్దడం దాని ప్రత్యేకత. హిందీలో వచ్చే 'ఇండియన్ ఐడల్'లో ప్రేక్షకుల ఓట్లే విజేతను తేల్చాయి. 2006లో కారుణ్య రెండో స్థానంలో నిలిచారు. 2010లో శ్రీరామచంద్ర గెలిచారు.

బేతంచెర్ల గాయని ఒకరు ఇలాంటి ఫైనల్‌కు చేరారనుకోండి. ఊరంతా ఆమెకే ఓటు వేస్తుంది. అది పాటకు పడిన ఓటా, ఊరిపై అభిమానమా? విడదీసి చెప్పలేం. అలాగని ఓటు తీసేస్తే శ్రోతకు పాత్రే ఉండదు. యూరోవిజన్ రెండింటినీ కలపడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్వదేశానికి ఓటు వేయరాదన్న నియమం ఎందుకు అవసరం?
2. మీ జిల్లాలో పాటల పోటీ పెడితే మార్కులు, ఓట్లు ఏ నిష్పత్తిలో ఉండాలి? కారణాలు రాయండి.